వానకోటుకు పేరిచ్చినవాడు: చార్లెస్ మెకింటాష్

కొందరి పేర్లు శాసనములపై నిలుచును. కొందరివి గ్రంథములందు నిలుచును. ఏ కొద్దిమంది పేర్లో వస్తువులను అంటిపెట్టుకొని, మనుష్యుడు మరుగుపడిన పిమ్మటను జనుల నోట నానుచుండును. మన ఆసుపత్రులలో రోగి పడకపై దుప్పటి క్రింద పరచు రబ్బరు గుడ్డను నర్సులు మెకింటాష్ అని పిలుచుట పలువురు వినియే యుందురు. ఆ మాట ఒక మనుష్యుని ఇంటిపేరని ఎఱిగినవారు తక్కువ. ఇంగ్లండులో వానకోటునకే ఆ పేరు రూఢియైనది. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, సంజ్ఞానామము జాతినామముగా మారినది. కంప్యూటరు పేరుగా మనము వినెడి మెకింటాష్ మాత్రము వేరు. అది ఒక ఆపిలుపండు రకమునుండి వచ్చినది.

శంషాబాదు పరిసరములందు నివసించువారు ఈ పేరును తలచుకొనుటకు మరియొక కారణము కలదు. 2008 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమైన నాటినుండి ఈ ఊరి రూపమే మారినది. బెంగుళూరు రహదారిపై వాహనముల రద్దీ పెరిగినది. పొలములున్న చోట గిడ్డంగులును మేడలును లేచినవి. అయినను సైకిలు పోలేదు. బడికి పోవు పిల్లలు, వేకువనే పనికి బయలుదేరు శ్రామికులు, ఆరోగ్యమునకై తొక్కు ఉద్యోగులు నేటికిని దానిని విడువలేదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు వీరందరిదియు ఒకే ప్రశ్న: తడియకుండ తొక్కుటకు ఎట్టి కోటు కొనవలెను? అంగడివాని మాటకంటె మెకింటాష్ జీవితము ఈ ప్రశ్నకు మంచి సమాధానము చెప్పును. ఆయన గుడ్డ ఎట్లు పుట్టెనో, ఎక్కడెక్కడ విఫలమయ్యెనో తెలిసికొన్నవాడు కోటును ఎన్నుకొనుటలో మోసపోడు.

బాల్యము, విద్య

చార్లెస్ మెకింటాష్ 1766 డిసెంబరు 29వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. అచ్చట వాన ఒక ఋతువునకు కట్టుబడి యుండదు. ఏడాది పొడుగునను సన్నగా, చల్లగా కురియుచునే యుండును. నాటి ప్రయాణికులలో పలువురు గుఱ్ఱపుబండ్ల పైకప్పులపై కూర్చుండి గంటలతరబడి తడియవలసి వచ్చెడిది. కాపరియు నావికుడును సైనికుడును తడిసిన బట్టతోనే పగలు గడపి, తడిసిన బట్టతోనే నిద్రించుచుండిరి. చలిదేశమున తడి యనునది అసౌకర్యముతో ఆగదు; ఒక్కొక్కప్పుడు ప్రాణములనే హరించును.

తండ్రి జార్జి మెకింటాష్ రంగుల పరిశ్రమలో పేరుపొందినవాడు. తల్లి మేరీ మూర్ విద్యావంతుల కుటుంబమునుండి వచ్చినది. ఆమె సోదరుడు డాక్టరు జాన్ మూర్ వైద్యుడును రచయితయు. ఆతని కుమారుడే 1809లో స్పెయిన్ దేశపు కొరున్నా యుద్ధమున మరణించిన సేనాని సర్ జాన్ మూర్.

జార్జి మెకింటాష్ కర్మాగారమున తయారగు రంగును కడ్‌బేర్ అనిరి. రాళ్లపై నాచువలె పెరుగు లైకెన్ అను జీవులనుండి ఆ ఊదారంగును తీయుచుండిరి. మన హైదరాబాదు వంటవారు మసాలాలో వేయు రాతిపువ్వు ఆ కోవలోనిదే. లైకెన్‌నుండి రంగు దిగుటకు అమ్మోనియా కావలెను. ఆ కాలమున అమ్మోనియా దొరకు సులభమైన తావు మానవమూత్రమే. కనుక దానిని నగరమున సేకరించి తెచ్చుచుండిరి. తయారీ రహస్యము బయటికి పొక్కకుండ కర్మాగారము చుట్టు ఎత్తైన గోడ కట్టిరి. గేలిక్ భాష మాటలాడు కొండప్రాంతముల వారిని పనివారుగా నియమించిరి. లోకము ముక్కు మూసికొని పారవేయునట్టిది ఆ గోడల లోపల వన్నెగల పట్టుబట్టకును ఉన్నిబట్టకును రంగుగా మారుటను చార్లెస్ చిన్ననాటనే చూచెను. ఆయన జీవితమందలి ప్రతి ఘట్టమునకును ఈ పాఠమే మూలము.

చదువు ముగిసిన పిమ్మట తండ్రి ఆయనను ఒక వర్తకుని కార్యాలయమున గుమాస్తాగా చేర్చెను. లెక్కల పుస్తకములపై కూర్చుండిన యువకుని మనస్సు రసాయనములపై ఉండెను. తీరిక దొరకినప్పుడెల్ల గ్లాస్గోలో విలియం ఇర్విన్ ఉపన్యాసములను, పిమ్మట ఎడిన్‌బరోలో జోసెఫ్ బ్లాక్ ఉపన్యాసములను వినెను. గుప్తోష్ణమును వివరించి, బొగ్గుపులుసు వాయువును గుర్తించిన మహాశాస్త్రజ్ఞుడు ఆ బ్లాకే. ఆయన శిష్యరికము వృథా కాలేదు. ఇరువది యేండ్లు నిండకమునుపే మెకింటాష్ గుమాస్తాగిరి విడిచి, నవాసారము తయారుచేయుటకు పూనుకొనెను.

త్యాజ్యమునందు ప్రయోజనము

తరువాతి ముప్పది సంవత్సరములలో ఆయన చేపట్టిన పనులను చూచినచో ఒక వరుస కనబడును. అద్దకమునకు పనికివచ్చు సీసపు లవణమును తయారుచేయు విధానమును హాలెండునుండి తెచ్చెను. 1797లో హర్లెట్ అను చోట స్కాట్లండులోని మొదటి పటిక కర్మాగారమును నెలకొల్పెను. దానికి ముడిసరకు బొగ్గు తవ్వి విడిచిన గనులలో మిగిలిన రాయి. బొగ్గు వర్తకునికి అది పనికిమాలినది. మెకింటాష్‌కు అది పటిక.

పటిక విలువ మన తెలుగువారికి క్రొత్త కాదు. మచిలీపట్నపు కలంకారీ కళాకారులు బట్టపై ఎఱుపు నిలుచుటకు పటికనే వాడిరి. చిరివేరునుండి వారు దించిన ఎఱుపు ఉతికిన కొలదిని నిగ్గుతేలునని ఐరోపా వర్తకులు ఆశ్చర్యపడిరి. అటువంటి చెదరని ఎఱుపునకై ఐరోపావారు చేసిన ప్రయత్నములలో టర్కీ ఎఱుపు అను అద్దకము ఒకటి. 1785లో జార్జి మెకింటాష్, డేవిడ్ డేల్ అను వర్తకునితో కలిసి, పాపియో అను ఫ్రెంచి నిపుణుని గ్లాస్గోకు రప్పించి ఆ అద్దకమును స్థాపించెను. తరువాతి కాలమున స్కాట్లండు టర్కీ ఎఱుపు గుడ్డలు మన దేశపు అంగళ్లలోనికే వచ్చి చేరుట చరిత్రలోని విచిత్రము.

చార్లెస్ టెనెంట్ అను పారిశ్రామికునితో మెకింటాష్‌కు పొత్తు కలదు. 1799లో టెనెంట్ పేర పేటెంటు పొందిన చలువపొడి, అనగా మన పంచాయతీవారు మంచినీటి బావులలో వేయు బ్లీచింగ్ పౌడరు, రూపొందుటలో మెకింటాష్ బుద్ధియే ప్రధానముగా పనిచేసినదని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. పేరు మాత్రము టెనెంట్‌కు దక్కెను. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు ఇదియే తిరుగబడి వచ్చును.

తారునుండి కోటు

1818 ప్రాంతమున గ్లాస్గో వీథులలో గ్యాసుదీపములు వెలిగెను. ఆ గ్యాసు బొగ్గును బట్టీపట్టగా వచ్చినది. గ్యాసు తీసిన పిదప నల్లని తారును అమ్మోనియా కలిసిన నీరును మిగులును. కంపెనీవారికి అవి వదిలించుకొనవలసిన పీడ. 1819లో మెకింటాష్ ఆ రెంటిని కొనుటకు ఒడంబడిక చేసికొనెను. ఆయనకు ముఖ్యముగా కావలసినది తండ్రిగారి రంగు పరిశ్రమకు అమ్మోనియా. తారును కాచి కీలుగా చేసి అమ్మవచ్చును. కాచునప్పుడు ఆవిరియై పైకి లేచి చల్లారిన తేలికనూనె ఒకటి మిగులుచుండెను. దానికి నాఫ్తా అని పేరు. దీని నేమి చేయవలెను? అందరును పారవేసినదానిలో పని వెదకినవాడు, తాను పారవేయవలసినదానికిని పని వెదకెను.

రబ్బరు అప్పటికే ఐరోపాలో తెలిసిన వస్తువు. దక్షిణ అమెరికాలోని ఆదిమజాతులు చెట్టుపాలను గుడ్డలపై పూసి, వాన తగులకుండ వానిని కప్పుకొనుట తరతరములుగా ఎఱుగుదురు. చెట్టుపాలు ఓడలలో రాలేవు, దారిలో గడ్డకట్టును. గడ్డకట్టిన రబ్బరును తిరిగి పూతకు అనువుగా కరిగించు ద్రవము కావలెను. 1791లో సామ్యుయెల్ పీల్ అను ఇంగ్లీషువాడు టర్పెంటైనుతో ప్రయత్నించెను గాని ఆ పూత ఫలింపలేదు. 1818లో ఎడిన్‌బరోలోని జేమ్స్ సైమ్ అను వైద్యవిద్యార్థి, తారునుండి తీసిన నాఫ్తాలో రబ్బరు చక్కగా కరుగునని కనుగొని పత్రికలో ప్రకటించెను. ఆ యువకుడు పేటెంటు తీసికొనలేదు. తన శస్త్రవైద్యము తాను నేర్చుకొనుటకు వెడలిపోయెను.

కరిగించిన రబ్బరును గుడ్డకు పూసినంత మాత్రమున పని ముగియదు. పూత బంకవలె చేతికి అంటుకొనును, వాసన వేయును, రాపిడికి ఊడిపోవును. మెకింటాష్ చేసిన పని చూచుటకు స్వల్పము, ఫలమున ఘనము. ఒక గుడ్డకు రబ్బరు పూసి, దానిపై రెండవ గుడ్డను పరచి, రెంటిని కలిపి రోలర్ల మధ్య నొక్కెను. బంక లోపల దాగెను. బయట ఇరువైపులను గుడ్డయే చేతికి తగిలెను. రెండు గుడ్డల నడుమ నీరు చొరని పొర నిలిచెను. 1823 జూన్ నెలలో ఆయనకు దీనిపై పేటెంటు లభించెను. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరములు. మాంచెస్టరులో బర్లీ సోదరులతో కలిసి కర్మాగారము స్థాపించెను. ఉత్తరధ్రువ ప్రాంతమునకు 1825లో బయలుదేరిన సర్ జాన్ ఫ్రాంక్లిన్ బృందము ఈ గుడ్డను వెంట తీసికొనిపోయెను.

గుడ్డ చేసిన తప్పులు

కీర్తితోపాటు ఫిర్యాదులును వచ్చెను. వానిని ఒక్కొక్కటిగా చూడవలెను. కోటు కొనువానికి అందే పాఠము కలదు.

మొదటిది కుట్టు. కర్మాగారము గుడ్డను అమ్మెను. కోటును దర్జీ కుట్టెను. దర్జీ అలవాటు చొప్పున శరీరమునకు అతుకునట్లు ముక్కలుగా కోసి, సూదితో వందలకొలది రంధ్రములు పొడిచెను. గుడ్డ నీటిని ఆపెను. కుట్టు నీటిని లోపలికి పిలిచెను. తడిసినవాడు దర్జీని తిట్టలేదు, మెకింటాష్‌ను తిట్టెను. కంపెనీవారు చివరకు తామే కోట్లు తయారుచేయ మొదలిడి, కుట్లను తగ్గించి, కుట్టిన చోటులకు రబ్బరు పూత పూయవలసి వచ్చెను.

రెండవది ఉన్ని. ఉన్నియందలి సహజమైన జిడ్డు లోపలి రబ్బరును చెఱచెను. మూడవది వేడిమి, చలి. పచ్చి రబ్బరు చలికి రేకువలె బిగుసుకొనును. ఎండకు మెత్తబడి జిగటయగును. ఆ నాటి కోటును శంషాబాదులో మే నెల ఎండలో మడిచి పెట్టినచో మరల విప్పుట కష్టమై యుండెడిది. నాలుగవది వాసన. అయిదవది చెమట. నీటిని లోపలికి రానీయని పొర దేహపు ఆవిరిని బయటికి పోనీయదు. వేగముగా నడచినవాడు వానకు తడియకున్నను తన చెమటకు తాను తడిసెను.

ఇచ్చట మన గొంగడి తలపునకు వచ్చును. తెలంగాణములోని కురుమలు నల్లగొఱ్ఱె ఉన్నితో నేయు గొంగడిని మూలమడిచి తలపై వేసికొన్న కాపరి వానలో మందతో నిలుచును. ఉన్నియందలి జిడ్డు చినుకును జార్చును. గాలి మాత్రము ఆడుచునే యుండును. తడిసినను వెచ్చదనము పూర్తిగా పోదు. కాని జడివానలో అది నీరు త్రాగి బరువెక్కును. గొంగడికి గాలి తెలియును, నీరు పూర్తిగా ఆపుట తెలియదు. మెకింటాష్ గుడ్డకు నీరు ఆపుట తెలియును, గాలి తెలియదు. ఈ రెండు గుణములను ఒక్కచోట చేర్చుటకే తరువాతి వారందరును శ్రమించిరి.

తుది దినములు, తోడివారు

లండనులో థామస్ హాన్‌కాక్ అను రబ్బరు నిపుణుడుండెను. రబ్బరు ముక్కలను నమిలి ముద్దచేయు యంత్రమును ఆయన 1820 ప్రాంతమున నిర్మించెను. అట్లు నలిగిన రబ్బరు నాఫ్తాలో త్వరగా కరుగును. హాన్‌కాక్ ముందు మెకింటాష్ వద్ద అనుమతి పొంది, పిమ్మట ఆ కంపెనీలోనే భాగస్వామి అయ్యెను. 1836లో పేటెంటు విషయమై వ్యాజ్యము నడువగా న్యాయస్థానము మెకింటాష్ పక్షమున నిలిచెను. ఆయన బుద్ధి వానకోటుతో ఆగలేదు. 1828లో జేమ్స్ నీల్సన్ ఇనుపకొలిమికి వేడిగాలి నూదు పద్ధతిని కనుగొనగా, దానిని నిలబెట్టుటలో మెకింటాష్ తోడ్పడెను. ఆ పద్ధతి ఇనుము కరిగించుటకు పట్టు బొగ్గును ఎంతయో తగ్గించెను. లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొని గౌరవించెను.

1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి కాచినచో అది ఎండకు కరుగదు, చలికి బిగుసుకొనదు అని కనుగొనెను. హాన్‌కాక్ తాను ప్రయోగములు చేసి 1843 నవంబరులో ఇంగ్లండునందు పేటెంటు కోరెను. తన గుడ్డకు పట్టిన పెద్ద రోగము కుదురుటను మెకింటాష్ చూడలేదు. అప్పటికి నాలుగు నెలలు ముందుగా, 1843 జూలై 25వ తేదీన, 76వ యేట గ్లాస్గోలో ఆయన కన్నుమూసెను.

సైమ్ కథకు ఒక చక్కని తరువాయి కలదు. నాఫ్తా గుణమును కనుగొన్న ఆ విద్యార్థి గొప్ప శస్త్రవైద్యుడయ్యెను. ఆయన అల్లుడు జోసెఫ్ లిస్టర్ గాయములు కుళ్లకుండ కట్టు కట్టు విధానమును ప్రవేశపెట్టినపుడు, ఆ కట్టులో ఒక పొరగా మెకింటాష్ గుడ్డనే వాడెను. మామగారు విడిచిపెట్టిన పేటెంటు అల్లునిచేత రోగులకు ఉపకరించెను.

సైకిలు తొక్కువానికి వానకోటు

మెకింటాష్ సైకిలును చూచి యెఱుగడు. నేటి రూపమున సైకిలు 1885లోను, దానికి గాలిచక్రము 1888లో డన్‌లప్ చేతిలోను సిద్ధించెను. చక్రమునకు చుట్టిన రబ్బరును, తొక్కువాని భుజములపై రబ్బరును ఒకే వంశమునకు చెందినవి. మన దేశమున సురేంద్రమోహన్ బోస్ 1920లో కలకత్తాలో స్థాపించిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ సంస్థ డక్‌బ్యాక్ పేర అమ్మిన కోట్లు తెలుగునాట బడిపిల్లలకును చిరపరిచితములు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ ఒక ప్లాస్టిక్ పదార్థమును వేగముగా సాగదీసి, కంటికి కనబడని రంధ్రములు గల పొరను సాధించెను. వానచుక్క దూరలేదు, చెమట ఆవిరి దూరగలదు. గొంగడి గుణమును మెకింటాష్ గుణమును కలియుట అప్పటినుండియే.

అయినను ఖరీదైన పొరను చూచి భ్రమపడరాదు. ఆ పొరలో ఆవిరి బయటికి పోవుటకు లోపలి తేమకంటె బయటి తేమ తక్కువగా ఉండవలెను. శంషాబాదులో జూలై వాన పడునపుడు గాలియే తేమతో నిండి, వెచ్చగా ఉండును. చలిదేశమున పనిచేసినంతగా ఆ పొర ఇచ్చట పనిచేయదు. కనుక చంకల క్రింద తెరచు జిప్పులు, వీపున గాలి ఆడు మడత మన వానలకు ఎక్కువ మేలు.

కోటును చేతిలోనికి తీసికొనగనే లోపలివైపు త్రిప్పి చూడవలెను. కుట్లన్నిటిపైనను పట్టీ అతికించి యున్నదా? మాంచెస్టరు కోట్లను చెఱచిన దర్జీ సూదికి అదియే విరుగుడు. గుడ్డ నీటిని ఎంత ఆపునో మిల్లీమీటర్లలో వ్రాయుదురు. గుడ్డపై నీటిస్తంభమును నిలిపి, అది ఎంత ఎత్తునకు చేరినపుడు చుక్క కారునో కొలుచుటయే ఆ లెక్క. సామాన్యముగా 5,000 అంకె చిరుజల్లునకును, 10,000 అంకె ఎడతెగని వానకును చాలునని చెప్పవచ్చును.

సైకిలు తొక్కువాడు ముందుకు వంగి, చేతులు చాచి కూర్చుండును. నిలబడినపుడు సరిపోయిన కోటు తొక్కునపుడు వీపున పైకి లేచి, మణికట్టున కుంచించుకొనును. వెనుకచక్రము చిమ్ము బురద ఆ ఖాళీలోనికే వచ్చును. కనుక వెనుకభాగము పొడుగు, చేతులు పొడుగు ఉన్నదానిని తీసికొనవలెను. తలకప్పు ప్రక్కచూపును మూయరాదు. బెంగుళూరు రహదారిపై వెనుకనుండి వచ్చు లారీని చూడనీయని కోటు ఎంత పొడిగా ఉంచినను శత్రువే. వదులైన పోంచో గాలికి తెరచాపవలె ఎగురును, చక్రములో చిక్కును. రంగు పసుపో నారింజయో ఉండి, వెలుతురుకు మెరయు పట్టీలు కలిగియుండుట మేలు. నార్సింగి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములలో ఔటర్ రింగ్ రోడ్డు ప్రక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు మార్గమునకు సౌరఫలకముల పైకప్పు వేసిరి. శంషాబాదు రహదారిపై తొక్కువానికి మాత్రము తన కోటే కప్పు.

ధనమున్నవారికే ఇది సాధ్యమని విద్యార్థులు నిరుత్సాహపడనక్కరలేదు. అరగంటలో బడి చేరువానికి, ముందువైపు తెరచుకొను చవుకైన ప్లాస్టిక్ కోటు చాలును. అది ఒక విధమున మెకింటాష్ గుడ్డయే: నీటిని ఆపును, చెమటను కూడ ఆపును. నెమ్మదిగా తొక్కి, చేరగనే విప్పి ఆరవేసిన సరిపోవును.

ఏ కోటును చేయలేని పని ఒకటి కలదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి శంషాబాదుకు సమీపమున గగన్‌పహాడ్ వద్ద అప్పచెరువు తెగి, నీరు బెంగుళూరు రహదారినే కోసివేసెను, మనుష్యులు కొట్టుకొనిపోయిరి. పైనుండి పడు నీటికి కోటు అడ్డుపడును. అడ్డముగా పారు నీటికి అడ్డుపడదు. అట్టి దినమున సైకిలు దిగి ఎత్తైన చోట నిలుచుటయే రక్షణ. ఉపాధ్యాయులు ఈ మాటను పిల్లలకు కోటుకంటె ముందు చెప్పవలెను.

చలువపొడిలో మెకింటాష్ కృషి ఉండెను, పేరు టెనెంట్‌కు పోయెను. వానకోటులో సైమ్ కనుగొన్నదియు హాన్‌కాక్ యంత్రమును ఉండెను, పేరు మెకింటాష్‌కు వచ్చెను. లోకము పేర్లు పంచుటలో లెక్క సరిగా చూడదు. అయినను పారవేయబోవు నూనెను చేతబట్టి, దీనితో ఎవనికైన మేలు చేయగలనా అని యోచించిన ఆ బుద్ధి ఆయనదే. దానిని ఎవరును కాదనలేరు. ఆయన గుడ్డ లోపములు లేనిది కాదు. ఒక్కొక్క లోపమును ఒక్కొక్కరు సవరింపగా, రెండువందల యేండ్లకు నేటి కోటు మన చేతికి వచ్చినది. విద్యార్థి దానిని కొనునపుడు ఛాతీపై ముద్రించిన పేరును చూచి మురియక, లోపలి కుట్టును త్రిప్పి చూచినచో, మెకింటాష్ జీవితమును చదివినందుకు ఫలము దక్కినట్లే.